ఫైర్‌వాల్ ఎవరి చేతిలో ఉండాలి

గుంటూరులోనో వరంగల్‌లోనో నలభై యాభై మంది పనిచేసే ఒక వ్యాపార సంస్థ ఉందనుకుందాం. ఓ మూల గదిలో టాలీ నడిచే సర్వరు, బల్లల మీద పాతిక ముప్పై కంప్యూటర్లు, గోదాములో సీసీటీవీ కెమెరాలు, పక్క జిల్లాలో ఒక బ్రాంచి. ఇంటర్నెట్ లైను లోపలికొచ్చే చోట మంచి ఫైర్‌వాల్ రౌటర్ పెట్టాలని యజమాని నిర్ణయించుకున్నాక ఆయన బల్ల మీదికి రెండు రకాల కొటేషన్లు వస్తాయి. ఒకదానిలో ఫోర్టినెట్, సోఫోస్, సిస్కో, పాలో ఆల్టో లాంటి కంపెనీల్లో ఏదో ఒకదాని పెట్టె, దాంతోపాటు మూడేళ్ల లైసెన్సు. రెండోదానిలో రెండు మూడు నెట్‌వర్క్ పోర్టులున్న చిన్న కంప్యూటరు, అందులో పీఎఫ్‌సెన్స్ గానీ ఓపీఎన్‌సెన్స్ గానీ. ఈ సాఫ్ట్‌వేరుకు ధర లేదు. ఓపెన్‌సోర్స్ కాబట్టి దాని కోడ్ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఇక్కడి నుంచి వాదన మొదలవుతుంది. పేరున్న కంపెనీది కొంటే నిశ్చింత అని ఒకరంటారు, డబ్బు దండగ అని మరొకరంటారు. రెండు పక్షాలూ పెట్టె మీది పేరు చూసే మాట్లాడుతున్నాయి. ఆ పెట్టె లోపల జరిగే పనిని, దానికి గత పదేళ్లలో పడిన దెబ్బలను వరసగా పరిశీలిస్తే ఈ ఎంపికను నిర్ణయించాల్సిన విషయం వేరే ఉందని తెలుస్తుంది.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. ఇంటర్నెట్‌లో ప్రయాణించే సమాచారమంతా ప్యాకెట్లనే చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది. ప్రతి ముక్క మీదా ఎక్కడి నుంచి బయల్దేరిందో, ఎక్కడికి చేరాలో, ఏ పోర్టు నంబరుతో మాట్లాడుతోందో రాసి ఉంటుంది. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాం అప్పటి ఇంటర్నెట్‌ను స్తంభింపజేశాక, లోపలి నెట్‌వర్కుకూ బయటి ప్రపంచానికీ మధ్య ఒక అడ్డుగోడ ఉండాలన్న ఆలోచన బలపడింది. తొలి ఫైర్‌వాళ్లు ఒక్కో ప్యాకెట్‌ను విడివిడిగా చూసి, నియమాల పట్టికతో పోల్చి, పంపేవి పంపి ఆపేవి ఆపేవి. ఇందులో ఒక చిక్కుంది. లోపలివాళ్లు అడిగిన దానికి జవాబుగా వచ్చే ప్యాకెట్‌కూ, ఎవరూ అడగకుండానే చొరబడే ప్యాకెట్‌కూ తేడా వాటికి తెలిసేది కాదు. 1994లో చెక్ పాయింట్ అనే ఇజ్రాయెల్ కంపెనీ విడుదల చేసిన ఫైర్‌వాల్-1 ఈ చిక్కును విప్పే పద్ధతికి ప్రచారం తెచ్చింది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ బయటికి వెళ్లినవాళ్ల పేర్లు రిజిస్టరులో రాసుకుని, తిరిగొచ్చేవాళ్లను ఆ పేర్లతో సరిచూసినట్టుగా, ఫైర్‌వాల్ కూడా బయటికి మొదలైన ప్రతి సంభాషణనూ ఒక పట్టికలో నమోదు చేసుకుంటుంది. ఆ పట్టికలో ఉన్న సంభాషణకు జవాబైతే లోపలికి వదులుతుంది, లేకపోతే పారేస్తుంది. ఈ రోజుకీ ఫైర్‌వాల్ చేసే పనిలో అత్యంత విలువైనది ఇదే.

ఈ విద్య ఏ ఒక్క కంపెనీ సొత్తుగానూ ఎక్కువ కాలం నిలవలేదు. 2001 జనవరిలో వచ్చిన లైనక్స్ 2.4లో నెట్‌ఫిల్టర్ పేరుతో ఇదే పద్ధతి చేరింది. అదే సంవత్సరం ఓపెన్‌బీఎస్‌డీ ప్రాజెక్టు అప్పటిదాకా వాడుతున్న ఫిల్టర్‌ను లైసెన్సు తగాదా వల్ల తీసేయాల్సి రావడంతో, డానియల్ హార్ట్‌మేయర్ అనే ప్రోగ్రామర్ పీఎఫ్ అనే కొత్త ఫిల్టర్ రాశాడు. ఇరవై ఏళ్లు దాటినా అది ఇంకా వాడుకలో ఉంది. 2003లో వచ్చిన మోనోవాల్ అనే చిన్న ఫైర్‌వాల్ నుంచి 2004లో పీఎఫ్‌సెన్స్ పుట్టింది, దాన్నుంచి 2015లో ఓపీఎన్‌సెన్స్ చీలింది. ఈ రెండింటి గుండెకాయా ఆ పీఎఫే. కంపెనీల పెట్టెల లోపల ఏముందో చూస్తే అక్కడా దగ్గరి బంధుత్వమే కనిపిస్తుంది. జూనిపర్ కంపెనీ జూనోస్ వ్యవస్థ ఫ్రీబీఎస్‌డీ మీద కట్టింది. ఫోర్టినెట్ పెట్టెల్లో ఉన్నది లైనక్స్ కెర్నల్. ఆ సంగతిని దాచి, లైనక్స్ లైసెన్సు షరతులు పాటించడం లేదంటూ 2005లో జర్మనీలోని మ్యూనిక్ కోర్టుకు ఫిర్యాదు వెళ్లింది, కోర్టు నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది, తర్వాత కంపెనీ రాజీకొచ్చింది. చొరబాట్లను పసిగట్టే ప్రసిద్ధ ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాం స్నార్ట్ 2013 నుంచి సిస్కో చేతిలో ఉంది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉమ్మడి లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు పీఎఫ్‌సెన్స్‌తోపాటు సిస్కో, జూనిపర్, ఫోర్టినెట్ ఉత్పత్తులకూ ప్యాచ్‌లు వేయాల్సి వచ్చింది. కాబట్టి ప్యాకెట్‌ను ఆపడం, వదలడం అనే మూల పనిలో ఉచితమైనది నాసిరకమనీ, ఖరీదైనది మేలురకమనీ అనడానికి ఆధారం లేదు.

వేగం సంగతేమిటని అడగొచ్చు. ఇందులో కంపెనీల పెట్టెకు నిజంగానే ఒక మేలుంది, కానీ అది ఎక్కడ పనికొస్తుందో లెక్క వేసి చూసుకోవాలి. ఈథర్నెట్‌లో అతి చిన్న ఫ్రేము 64 బైట్లు. ముందు వెనకల ఖాళీతో కలిపితే తీగ మీద 84 బైట్ల చోటు తీసుకుంటుంది. ఒక గిగాబిట్ లైను మొత్తం ఇలాంటి చిన్న ఫ్రేములతో నిండిపోతే సెకనుకు సుమారు 14.88 లక్షల ప్యాకెట్లు వస్తాయి. ఒక్కోదానికీ దొరికే సమయం 672 నానోసెకన్లు, అంటే 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లోని ఒక కోర్‌కు పదమూడు వందల పైచిలుకు గడియార స్పందనలు. అదే లైను 1518 బైట్ల పెద్ద ఫ్రేములతో నిండితే వచ్చేది సెకనుకు 81 వేల ప్యాకెట్లే. పట్టికలో వెతికే శ్రమ ప్యాకెట్‌కు ఇంత అని పడుతుంది తప్ప బైటుకు ఇంత అని కాదు. అందుకే పెద్ద కంపెనీలు ఈ పనికే ప్రత్యేకమైన చిప్పులు చేసుకుంటాయి. ఫోర్టినెట్ 60ఎఫ్ అనే చిన్న పెట్టె స్పెసిఫికేషన్లలో ఫైర్‌వాల్ వేగం 10 గిగాబిట్లని ఉంటుంది. ఆ చిప్పు చలవ అది. అదే కాగితంలో కాస్త కిందికి వస్తే, చొరబాట్ల పరీక్ష కూడా పెడితే 1.4 గిగాబిట్లు, వైరస్ తనిఖీ మొదలైనవన్నీ కలిపితే 700 మెగాబిట్లు. కొనేవాళ్ల కంట్లో పడేది మొదటి అంకె, వాడకంలో దక్కేది చివరి అంకె. మనం తీసుకున్న సంస్థకు ఉండేది 200 లేదా 300 మెగాబిట్ల లైను. ఈమధ్య కాలపు మామూలు ప్రాసెసరున్న చిన్న కంప్యూటరు ఆ భారాన్ని సునాయాసంగా మోస్తుంది. డేటా సెంటర్లకు, వేలమంది వాడే క్యాంపస్‌లకు ప్రత్యేక చిప్పు కావాలి. యాభై మంది ఆఫీసుకు వేగం ఈ ఎంపికలో లెక్కకు రాకూడదు.

లైసెన్సు డబ్బు ఎక్కువగా వెళ్లేది వేగానికి కాదు, తనిఖీకి. ప్యాకెట్ పైనున్న చిరునామాతో ఆగకుండా లోపలి సరుకును కూడా చూసి, తెలిసిన దాడుల గుర్తులతో, చెడ్డ వెబ్‌సైట్ల జాబితాలతో పోల్చే పని ఇది. ఆ గుర్తులను, జాబితాలను రోజూ తాజాగా ఉంచేందుకు కంపెనీలు పెద్ద పరిశోధక బృందాలను పోషిస్తాయి. ఉచిత ఫైర్‌వాళ్లలో సురికాటా లాంటి ఇంజిన్ పెట్టుకోవచ్చు, ఉచిత గుర్తుల జాబితాలు కూడా దొరుకుతాయి, అయితే డబ్బు తీసుకుని ఇచ్చేవాటంత త్వరగా, అంత విస్తారంగా అవి రావు. ఈ విషయంలో కంపెనీలదే పైచేయి. కాకపోతే వెబ్ రాకపోకల్లో అత్యధిక భాగం ఇప్పుడు గుప్తలిపిలో నడుస్తోంది. గుప్తలిపిలో ఉన్నదాని లోపలికి ఫైర్‌వాల్ తొంగిచూడాలంటే మధ్యలో దూరి, తానే ఆ వెబ్‌సైటునని ప్రతి కంప్యూటరునూ నమ్మించాలి. అందుకోసం ఆఫీసులోని ప్రతి యంత్రంలోనూ ఒక సర్టిఫికెట్ ఎక్కించాలి. ఇది పొరపాటుగా చేస్తే జరిగే అనర్థానికి మన దేశపు ఉదాహరణే ఉంది. అహ్మదాబాద్‌లో పుట్టి, తర్వాత 2014లో సోఫోస్‌లో కలిసిన సైబరోమ్ కంపెనీ పెట్టెలన్నింటిలోనూ ఈ తనిఖీకి వాడే రహస్య తాళంచెవి ఒకటేనని 2012లో టార్ ప్రాజెక్టు పరిశోధకులు బయటపెట్టారు. ఒక పెట్టె కొని అందులోంచి తాళంచెవి తీసుకున్నవాడు, ఆ సర్టిఫికెట్ ఎక్కించుకున్న మరో ఆఫీసు గుప్త సంభాషణను కూడా విప్పగలిగేవాడన్నమాట. యాభై మంది ఆఫీసుల్లో ఈ సర్టిఫికెట్ పనిని శ్రద్ధగా చేసేవాళ్లు తక్కువ. చేయనప్పుడు తనిఖీ లైసెన్సు చూడగలిగేది కవరు పైభాగాన్ని మాత్రమే. ఉద్యోగుల కంప్యూటర్లలో మంచి రక్షణ సాఫ్ట్‌వేరు పెట్టి, సందేహాస్పద వెబ్‌సైట్ల పేర్లను డీఎన్‌ఎస్ దగ్గరే ఆపేస్తే దాదాపు అంత ప్రయోజనం తక్కువ ఖర్చులో దక్కుతుందని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వద్దాం. ఫైర్‌వాళ్లకే పడిన దెబ్బల చరిత్ర ఈ చర్చలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం. 2015 డిసెంబరులో జూనిపర్ కంపెనీ తన స్క్రీన్‌ఓఎస్ ఫైర్‌వాళ్లలో తమకు తెలియకుండా ఎవరో చేర్చిన కోడ్ దొరికిందని ప్రకటించింది. అందులో ఒక రహస్య పాస్‌వర్డు ఉంది. ప్రోగ్రామర్లు లోపాల వేటలో రాసుకునే మామూలు వాక్యంలా కనిపించేట్టు దాన్ని మలిచారు, అందుకే చదివినవాళ్ల కంట పడలేదు. 2016 ఆగస్టులో షాడో బ్రోకర్స్ అనే ముఠా బయట పడేసిన ఆయుధాల్లో ఒకటి సిస్కో ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌లోకి దాని పర్యవేక్షణకు వాడే ఎస్‌ఎన్‌ఎంపీ ద్వారా చొరబడేది. దూరం నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి రావడానికి వాడే ఫోర్టినెట్ ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ పేజీలో 2018 నాటి ఒక లోపం వల్ల లాగిన్ కాకుండానే లోపలి ఫైలొకటి చదవొచ్చు, అందులో వినియోగదారుల పేర్లు, పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టుగా ఉండేవి. 2020 ఏప్రిల్‌లో సోఫోస్ ఎక్స్‌జీ మీద జరిగిన దాడి ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన అడ్మిన్ పేజీల, యూజర్ పోర్టళ్ల ద్వారా జరిగింది. 2024 ఏప్రిల్‌లో పాలో ఆల్టో వీపీఎన్ భాగమైన గ్లోబల్‌ప్రొటెక్ట్‌లో దొరికిన లోపానికి తీవ్రత పదికి పది. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టమవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ప్యాకెట్లను వడగట్టే ఆ మూల యంత్రంలో పడిన చిల్లు కాదు. దెబ్బ తగిలినది వీపీఎన్ లాగిన్ పేజీకి, అడ్మిన్ పేజీకి, పర్యవేక్షణ మార్గానికి, పాస్‌వర్డు తనిఖీకి. దూరం నుంచి వాడుకోవడానికీ, సులువుగా నడుపుకోవడానికీ మూల పని చుట్టూ కట్టిన అదనపు గదులే దొంగలకు దారులయ్యాయి. ఫోర్టినెట్ కంపెనీయే 2025లో తన 7.6.3 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ టన్నెల్‌ను తీసేసి వినియోగదారులను ఐపీసెక్ అనే మరో వీపీఎన్ పద్ధతి వైపు మళ్లించింది.

అయితే ఓపెన్‌సోర్స్‌కు ఈ జబ్బు లేదని తేల్చేయడం తొందరపాటు. కంపెనీల పెట్టెలు బ్యాంకుల్లో, మంత్రిత్వ శాఖల్లో, పెద్ద పరిశ్రమల్లో ఉంటాయి, కాబట్టి దొంగలు వాటి మీద ఎక్కువ డబ్బు, ఎక్కువ తెలివి ఖర్చు పెడతారు. బయటపడిన దెబ్బల సంఖ్యలో ఆ ఆకర్షణ పాలు కూడా ఉంది. పీఎఫ్‌సెన్స్ వెబ్ పేజీల్లోనూ 2023లో పరిశోధకులు లోపాలు కనిపెట్టారు, వాటిని కలిపి వాడితే పెట్టె మొత్తం చేజిక్కించుకోవచ్చని చూపారు. అక్కడ కూడా చిల్లు పడింది అడ్మిన్ పేజీలోనే అన్నది గమనించాలి. కోడ్ అందరికీ తెరిచి ఉంటే అందరూ చదువుతారు, తప్పులు దొరికిపోతాయి అనే నమ్మకానికి 2021లో గట్టి దెబ్బే తగిలింది. పీఎఫ్‌సెన్స్‌ను నడిపే నెట్‌గేట్ కంపెనీ డబ్బిచ్చి రాయించిన వైర్‌గార్డ్ అనే వీపీఎన్ కోడ్ ఫ్రీబీఎస్‌డీ కెర్నల్‌లో చేరింది. ఆ ఫిబ్రవరిలో వచ్చిన పీఎఫ్‌సెన్స్ 2.5.0తో వినియోగదారుల చేతికీ వెళ్లింది. మార్చిలో వైర్‌గార్డ్ సృష్టికర్త జేసన్ డోనెన్‌ఫెల్డ్ దాన్ని పరిశీలించి అందులోని తీవ్రమైన లోపాలను బయటపెట్టాడు, రెండు చోట్ల నుంచీ దాన్ని తీసేశారు. తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరో చదివి ఉంటారనుకోకూడదు. అలాగని కోడ్ కనిపిస్తే దొంగకు సులువనే వాదన కూడా నిలవదు. మూసిపెట్టిన కోడ్‌లోని లోపాలను దొంగలు కనిపెడుతూనే ఉన్నారని పైన చెప్పిన చరిత్రే చెబుతోంది. తెరిచి ఉండడం వల్ల కలిగే మేలు ఏమిటంటే, ఒకసారి అనుమానం వచ్చాక ఎవరైనా లోపలికి దిగి చూడొచ్చు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన కంప్యూటరులో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, కారణం వెతుక్కుంటూ వెళ్లి, ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో ఎవరో పథకం ప్రకారం పెట్టిన దొంగదారిని పట్టుకోగలిగాడు. జూనిపర్ వినియోగదారుడికి ఆ అవకాశం లేదు.

రెండు రకాల్లోనూ లోపాలు పుడతాయని ఒప్పుకున్నాక, లోపం బయటపడిన రోజుకూ, దాన్ని పూడ్చిన రోజుకూ మధ్య గడిచే కాలమే ఒక సంస్థ భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది. పైన చెప్పిన ఫోర్టినెట్ లోపానికి కంపెనీ 2019 మే నాటికే ప్యాచ్ ఇచ్చింది. 2021 సెప్టెంబరులో, రెండేళ్లు దాటాక, సుమారు 87,000 ఫోర్టినెట్ పెట్టెల వీపీఎన్ పాస్‌వర్డులు బయట పడ్డాయని అదే కంపెనీ ధ్రువీకరించింది. ప్యాచ్ వేయకుండా వదిలేసినవి కొన్నైతే, ప్యాచ్ వేసి పాస్‌వర్డులు మార్చనివి మరికొన్ని. వెరైజన్ కంపెనీ 2025 వార్షిక నివేదిక ప్రకారం, లోపాలను ఆసరా చేసుకుని జరిగిన చొరబాట్లలో నెట్‌వర్కు అంచున ఉండే ఇలాంటి పెట్టెల, వీపీఎన్‌ల వాటా ఒక్క ఏడాదిలో 3 శాతం నుంచి 22 శాతానికి పెరిగింది. ఆ పెట్టెల లోపాల్లో ఏడాది పొడవునా పూర్తిగా పూడ్చినవి 54 శాతం మాత్రమే, పూడ్చడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 32 రోజులు. దొంగలకు గంటలు చాలు. ఈ అంకెలు చాలావరకు డబ్బు పోసి కొన్న పెట్టెలవని గుర్తుంచుకోవాలి. లైసెన్సు ఉంది, ప్యాచ్ సిద్ధంగా ఉంది, దాన్ని వేయాల్సిన మనిషి లేడు, లేదా ఉన్నా రాత్రిపూట పది నిమిషాలు లైను ఆపడానికి అతనికి అనుమతి లేదు. ఇక్కడ సోఫోస్‌ను మెచ్చుకోవాలి. 2020 దాడి తెలిసిన కొద్ది రోజుల్లోనే, ఆటోమేటిక్ హాట్‌ఫిక్స్ పెట్టుకున్న పెట్టెలన్నింటికీ ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేకుండా మరమ్మతు పంపించింది. ఓపీఎన్‌సెన్స్ ఏటా జనవరిలో, జులైలో పెద్ద వెర్షన్లు, మధ్యలో తరచుగా చిన్న ప్యాచ్‌లు విడుదల చేస్తుంది. వాటిని వేయడం మాత్రం నడిపేవాళ్ల పని. చూసే మనిషి లేని చోట తనంతట తాను మరమ్మతు చేసుకునే పెట్టె మేలు, ఇది నిర్వివాదం.

లైసెన్సు మీద ఆధారపడితే దాని గడువు మీద కూడా ఆధారపడినట్టే. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి దుండగులు 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. ఉద్యోగులకు వలమెయిళ్లు (ఫిషింగ్ మెయిళ్లు) పంపి, వాళ్ల కంప్యూటర్లలోకి దూరి, అక్కడి నుంచి బ్యాంకు వ్యవస్థను చేజిక్కించుకున్నారు. దర్యాప్తు చేసిన హైదరాబాద్ పోలీసులు ఆ బ్యాంకులో చెల్లుబాటయ్యే ఫైర్‌వాల్ లైసెన్సులు లేవని, చొరబాట్లను పసిగట్టే ఏర్పాటు లేదని చెప్పారు. 2023లో రిజర్వ్ బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ వలమెయిళ్లు ఆగిపోయేవని చెప్పలేం. కానీ కొన్నప్పుడు ఉత్సాహంగా కట్టిన చందా మూడేళ్లయ్యాక రెన్యూవల్ దగ్గర వెనకబడడం మన సంస్థల్లో తరచూ జరిగేదే. అప్పుడు చాలా పెట్టెలు పాత గుర్తులతో, పాత సాఫ్ట్‌వేరుతో నడుస్తూ ఉంటాయి, పైకి ఏమీ మారినట్టు కనిపించదు. సిస్కో మెరాకీలో ఒక రకం లైసెన్సు గడువు దాటి 30 రోజులైతే ఇంటర్నెట్టే ఆగిపోతుంది. యజమానికి అది కష్టంగా తోచినా, పూర్తిగా ఆగడం కంటే తెలియకుండా చచ్చుబడిపోవడమే ప్రమాదకరం. పెట్టెకూ ఆయుర్దాయం ఉంటుంది. 2025 సెప్టెంబరులో సిస్కో ఏఎస్‌ఏల మీద దాడులు బయటపడినప్పుడు, ఆ నెలాఖరుకు సపోర్టు ముగిసిపోయే పాత మోడళ్లను శాశ్వతంగా తీసేయమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా తన ప్రభుత్వ విభాగాలను ఆదేశించింది. యంత్రం బాగానే ఉంది, ప్యాచ్‌లే ఉండవు. ఉచిత ఫైర్‌వాల్ ఉన్న కంప్యూటరుకు ఈ బెడద చాలా తక్కువ, సాఫ్ట్‌వేరు కొత్తది వేసుకుంటూ హార్డ్‌వేరు పాడయ్యేదాకా వాడుకోవచ్చు. అక్కడుండే ప్రమాదం వేరు. 2015లో మోనోవాల్ ఆగిపోయింది. 2021లో నెట్‌గేట్ పీఎఫ్‌సెన్స్ ప్లస్ పేరుతో కోడ్ మూసిన వెర్షన్‌ను విడదీసి, ఉచిత వెర్షన్‌ను పక్కన నడపడం మొదలుపెట్టింది. నడిపేవాళ్ల ఆసక్తి ఎటు మళ్లుతుందో కనిపెట్టి ఉండాలి. అయితే ఒకటి ఆగితే దాని కోడ్ నుంచే మరొకటి పుట్టి నిలిచిన చరిత్ర కూడా ఈ కుటుంబానికే ఉంది.

రేపు ఏదైనా జరిగితే ఎవరిని అడగాలి అనేది యజమానులు వేసే బలమైన ప్రశ్న. పేరున్న కంపెనీ అయితే బాధ్యత వహిస్తుందని నమ్మకం. ఒప్పంద పత్రాల్లో కంపెనీలు తమ బాధ్యతకు చాలా తక్కువ హద్దులు గీసుకుంటాయి. పోయిన డబ్బుకు గానీ, ఆగిన వ్యాపారానికి గానీ అవి జవాబుదారీ కావు. మహేశ్ బ్యాంకు విషయంలో జరిమానా పడింది బ్యాంకు మీద. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, తగిన రక్షణ చర్యలు తీసుకోలేదని తేలితే గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు జరిమానాను డేటా పెట్టుకున్న సంస్థ మీదే పెడుతుంది. కంపెనీ నుంచి నిజంగా దక్కేది రెండు. పెట్టె కాలిపోతే బదులు పెట్టె, అర్ధరాత్రి ఫోన్ చేస్తే పలికే ఇంజినీరు. ఇవి చిన్నవేమీ కావు. ఓపెన్‌సోర్స్ వైపు బదులు పెట్టె కావాలంటే ముందే రెండో యంత్రం కొని పక్కన పెట్టుకోవాలి. ఒకటి పడిపోతే రెండోది క్షణాల్లో బాధ్యత తీసుకునే కార్ప్ అనే పద్ధతి పీఎఫ్ కుటుంబంలో 2003 నుంచీ ఉంది, దానికి అదనపు లైసెన్సు అక్కర్లేదు. ఇంజినీరు కావాలంటే నెట్‌గేట్, ఓపీఎన్‌సెన్స్‌ను నడిపే నెదర్లాండ్స్ కంపెనీ డెసిసో డబ్బు తీసుకుని సపోర్టు ఇస్తాయి. అంటే ఉచిత సాఫ్ట్‌వేరు వాడినా సేవకు డబ్బు పెట్టడమే సరైన పద్ధతి. ఏమీ పెట్టనక్కర్లేదని ఓపెన్‌సోర్స్ ఎంచుకున్న సంస్థ అసలు ఖర్చును వాయిదా వేసుకుంటోందంతే.

ఆడిటరు పేరున్న పెట్టే కావాలంటాడనే మాట కూడా వినిపిస్తుంది. మన దేశంలో సైబర్ ఘటనలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలి, లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి, యంత్రాల గడియారాలను నిర్ణీత కాల సర్వర్లతో కలపాలి. చిన్న సంస్థలకు ఆ సెప్టెంబరు 25 వరకు గడువిచ్చారు. ఏ కంపెనీ పెట్టె వాడాలో ఆ ఆదేశాల్లో లేదు. ఆ 180 రోజుల లాగ్ దగ్గర కొనేవాళ్లు బాగా గమనించాల్సిన చిన్న తేడా ఒకటుంది. ఫోర్టినెట్ 60ఎఫ్‌లో లాగ్‌లు దాచే డిస్క్ లేదు, 61ఎఫ్‌లో 128 జీబీది ఉంది. చవకని మొదటిది కొంటే లాగ్‌ల కోసం మరో సర్వరో, క్లౌడ్ చందానో కావాలి. ఓపీఎన్‌సెన్స్ నడిచే కంప్యూటరులో మామూలు ఎస్‌ఎస్‌డీ ఉంటుంది, అక్కడి నుంచి సిస్‌లాగ్ ద్వారా మరో యంత్రానికి కాపీ పంపొచ్చు. ఫైర్‌వాలే చొరబాటుదారు చేతికి చిక్కితే లోపలి లాగ్‌లు చెరిగిపోతాయి కాబట్టి, ఏ రకం పెట్టె అయినా ఆ రెండో కాపీ తప్పనిసరి.

అందుకే నా తీర్పు పెట్టె రకం మీద కాక సంస్థలో ఉన్న మనిషి మీద ఆధారపడుతుంది. లైనక్స్ గానీ ఫ్రీబీఎస్‌డీ గానీ బాగా తెలిసి, వారానికి కొన్ని గంటలు ఈ పనికే కేటాయించగల ఉద్యోగి ఒక్కరున్నా ఓపెన్‌సోర్స్ ఫైర్‌వాల్ మంచి ఎంపిక. ఆదా అయిన లైసెన్సు డబ్బుతో రెండో యంత్రం, లాగ్ సర్వరు కొనుక్కోవచ్చు. ఆ ఉద్యోగి ఉద్యోగం మారితే ఎలా అనే భయం సహేతుకమైనదే. రెండో వ్యక్తికి తర్ఫీదు ఇవ్వకపోతే, ఏ నియమం ఎందుకు పెట్టారో రాసి ఉంచకపోతే ఆ భయం నిజమవుతుంది. అలాంటి మనిషి లేని సంస్థ తనంతట తాను మరమ్మతు చేసుకునే వాణిజ్య పెట్టెను తీసుకుని, ఐదేళ్ల రెన్యూవల్ ఖర్చును కొన్నరోజే బడ్జెట్‌లో రాసుకోవాలి. చందా కట్టలేమని ముందే తెలిస్తే ఆ పెట్టె కొనకపోవడమే మంచిది. రెండు రకాల సంస్థలూ చేయాల్సిన పనులు మాత్రం ఒకటే. అడ్మిన్ పేజీ బయటి ఇంటర్నెట్‌కు కనిపించకూడదు. టాలీని ఇంటి నుంచి వాడుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు తెరవడం, ఫోన్‌లో కెమెరాలు చూడడానికి డీవీఆర్‌కు పోర్టు ఫార్వర్డ్ చేయడం మన ఊళ్లలో సర్వసాధారణం. ఆ రెండూ మూసేసి, దూరం నుంచి రావాల్సినవాళ్లకు వైర్‌గార్డ్ గానీ ఐపీసెక్ గానీ ఇవ్వాలి. 2020లో లైనక్స్ కెర్నల్‌లో చేరిన వైర్‌గార్డ్ సుమారు నాలుగు వేల వరసల కోడ్, సరైన తాళంచెవి లేని ప్యాకెట్‌కు అది జవాబే ఇవ్వదు, కాబట్టి బయటి నుంచి వెతికేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. లాగిన్ పేజీ లేని చోట లాగిన్ పేజీకి చిల్లు పడదు.

ఊళ్లో ఫైర్‌వాల్ పెట్టే వెండరుతో ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రాసుకునేటప్పుడు పెట్టె మోడల్ కంటే ఎక్కువగా మాట్లాడాల్సిన విషయాలున్నాయి. తీవ్రమైన లోపం బయటపడితే ఎన్ని గంటల్లో ప్యాచ్ వేస్తారు, ఆ సమాచారం ఎవరు కనిపెట్టి చెబుతారు, వేయడానికి లైను ఆపాల్సి వస్తే అనుమతి ఎవరిది అన్నవి కాగితం మీద ఉండాలి. అడ్మిన్ పాస్‌వర్డు వెండరు దగ్గర మాత్రమే ఉండకూడదు, ఒకే పాస్‌వర్డు వెండరు ఖాతాదారులందరికీ వాడకూడదు. ఫైర్‌వాల్ కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఎక్కడ ఉంటుందో కూడా తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరులో సోనిక్‌వాల్ అనే ఫైర్‌వాల్ కంపెనీ తన క్లౌడ్‌లో దాచిన బ్యాకప్ ఫైళ్లలో కొన్ని మాత్రమే చొరబాటుదారుల కంటబడ్డాయని చెప్పి, అక్టోబరులో ఆ క్లౌడ్ బ్యాకప్ సేవ వాడినవారందరివీ అని సవరించుకుంది. ఆ ఫైళ్లలో నెట్‌వర్కు నిర్మాణం మొత్తం, గుప్తలిపిలో పాస్‌వర్డులు ఉంటాయి. బ్యాకప్‌ను గుప్తలిపిలో పెట్టి సంస్థ బీరువాలో ఒక డ్రైవు మీద ఉంచుకోవడం, ప్యాచ్ వేసిన ప్రతిసారీ దాన్ని కొత్తదానితో మార్చడం, ఏడాదికొకసారి అదే బ్యాకప్‌తో ఖాళీ యంత్రం మీద ఫైర్‌వాల్‌ను తిరిగి నిలబెట్టి చూడడం ఏఎంసీలో చేర్చాల్సిన పనులు.